కింది అంకె

కొబ్బరి పీచు ఉత్పత్తుల సంస్థ మేనేజింగ్ డైరెక్టరు విద్యాసాగర్ గారు ఆ వేసవిలో కొండమీది హోటల్లో జరిగిన శిక్షణ తరగతులకు వెళ్ళకపోయి ఉంటే, ఆ సంస్థ ఇప్పటికీ తాళ్ళు పేనుకుంటూ ఉండేది. వెళ్ళారు. నాలుగు పూటలు చల్లటి గదిలో కూర్చుని, కంపెనీల పనితీరును ఆర్థిక నిష్పత్తులతో ఎలా కొలవాలో నేర్చుకుని, దీక్ష తీసుకున్న మనిషిలా తిరిగొచ్చారు. వచ్చిన మర్నాడు భోజనం దగ్గర వాళ్ళావిడ పప్పు ఎలా ఉందని అడిగితే, గ్యాసు ఎంత ఖర్చయిందో చెబితే భాగించి చెబుతానన్నారట. ఇది డ్రైవరు చెప్పిన మాట. కొంచెం ఉప్పూ కారం కలిపి ఉండొచ్చు.

ఆ వారమే ఫ్యాక్టరీల మేనేజర్లందరినీ హెడ్డాఫీసుకు పిలిపించారు. మొగలిలంక ఫ్యాక్టరీ మేనేజరు పెచ్చెట్టి త్రిమూర్తులు అలవాటు ప్రకారం వెనక వరసలో కూర్చున్నాడు. అతనిది కోనసీమలో గోదావరి పాయ ఒడ్డున ఉన్న చిన్న ఫ్యాక్టరీ. కాయల మీంచి ఒలిచిన కొబ్బరి డొక్కలు కొనడం, గుంటల్లో నానబెట్టడం, పీచు తీయడం, తాళ్ళు పేనడం, పడవలవాళ్ళకూ పందిళ్ళవాళ్ళకూ అమ్ముకోవడం, ఇదే పని. పెద్ద లాభం వచ్చిన ఏడాదీ లేదు, నష్టం వచ్చిన ఏడాదీ లేదు. హెడ్డాఫీసువాళ్ళు దాన్ని ఎప్పుడూ మర్చిపోతుండేవాళ్ళు. త్రిమూర్తులు అంతకంటే ఏమీ కోరుకోలేదు.

"మిత్రులారా," అన్నారు విద్యాసాగర్ గారు. "వైద్యుడు రోగి పొట్ట కోసి చూడడు. నాడి పట్టుకుంటాడు. సంస్థకు నిష్పత్తే నాడి. పైన ఒక అంకె, కింద ఒక అంకె. పైదానిని కిందిదానితో భాగించవలెను. అంతే. సత్యం బయటపడుతుంది."

మూడు నిష్పత్తులు ఎంపిక చేశారు. అమ్మకాలను నిల్వ ఉన్న సరుకుతో భాగించాలి. లాభాన్ని ఆస్తులతో భాగించాలి. రాబడిని ఉద్యోగుల సంఖ్యతో భాగించాలి. ఫలితం బాగుంటే పచ్చరంగు, మధ్యరకమైతే పసుపు, బాగులేకపోతే ఎరుపు. మార్చి నెలాఖరున ఎరుపు వచ్చిన ఫ్యాక్టరీకి తాళం.

"తమరు ఒకసారి మా ఫ్యాక్టరీలు చూసి..." అని ఎవరో మేనేజరు లేచాడు.

ఆయన చెయ్యెత్తి ఆపారు. దానికీ ఉత్తర్వు తయారుగానే ఉంది. గుమాస్తా చదివి వినిపించాడు. "ఇకపై ఉన్నతాధికారులెవ్వరూ కర్మాగారములను సందర్శించరాదు. సందర్శన వలన అభిప్రాయములు కలుగును. అభిప్రాయముల వలన నిష్పత్తుల నిష్పాక్షికతకు భంగము వాటిల్లును."

అందరూ చప్పట్లు కొట్టారు. అధికారులు ఇక రారంటే కొట్టని మేనేజరు ఎవరుంటారు. త్రిమూర్తులు కూడా కొట్టాడు. తిరుగు బస్సులో మాత్రం దారిపొడుగునా ఆ ఎరుపు రంగే గుర్తొచ్చింది.

మొగలిలంకలో అతను దిగేసరికే కబురు ఊరంతా పాకిపోయింది. తాళ్ళు పేనే షెడ్డులో రాట్నాలు ఆగిపోయి ఉన్నాయి. ఆడవాళ్ళందరి తరఫునా మాట్లాడేది వీరవేణి. నోరు పెద్దది, చెయ్యి చురుకు. ఆమె ముందుకొచ్చి నిలబడింది.

"ఫేక్టరీ మూసేత్తారంట గదండీ?"

"ఎవరు చెప్పారు?"

"బస్సు కండక్టరు చెప్పాడండి. మూసేత్తే మాకింక రొయ్యల షెడ్డే గతండి. పొద్దుగూకులా ఐసునీళ్ళలో చేతులెట్టి రొయ్యలు వల్చాలి. మా పెద్దమ్మ కూతురు ఏడాది చేసింది. చేతేళ్ళు చూడండి ఎలాగైపోయాయో."

ఆ పెద్దమ్మ కూతురు చేతులు త్రిమూర్తులు చూశాడు. ఉబ్బి, పాలిపోయి, గోళ్ళ మొదళ్ళు పాసిపోయి ఉన్నాయి. ఈ షెడ్డులో ఉన్న ప్రతి మనిషినీ అతనే పనిలో పెట్టుకున్నాడు. కొందరి తల్లుల్ని కూడా.

"మూయనివ్వను వీరవేణీ," అన్నాడు. "నా ప్రాణం అడ్డేసైనా సరే, ఈ ఫ్యాక్టరీ మూయనివ్వను. ఇది నా మాట."

"ఆయ్, అలాగేనండి," అంది వీరవేణి. రాట్నాలు మళ్ళీ తిరిగాయి.

మాట ఇవ్వడం తేలిక. నిష్పత్తుల సంగతి చూడాల్సింది అకౌంటెంటు ఆకెళ్ళ కామేశం. కామేశం గురించి ఒక్క విషయం తెలిస్తే చాలు, అన్నీ తెలిసినట్టే. సర్వీసులో చేరిన దగ్గర్నుంచీ ఒక్క తప్పుడు అంకె రాసి ఎరుగడు. గుళ్ళో దక్షిణ వేసినా చిల్లర ఎంతో చూసుకుని వేస్తాడు, పుణ్యం లెక్క తప్పకూడదని. ఆయన లెక్క కట్టి చూస్తే మూడు నిష్పత్తులూ నిగనిగలాడే ఎరుపు.

మొదటి నిష్పత్తి గురించి విద్యాసాగర్ గారే స్వయంగా ఫోను చేశారు.

"త్రిమూర్తులు గారూ, మీ వద్ద నిల్వ సరుకు ఎనిమిది మాసములుగా చలనం లేకుండా ఉన్నది. అది ఏమి చేయుచున్నది?"

"నానుతోందండి. డొక్కలండి. గుంటల్లో నానితేగానీ పీచు మెత్తబడదండి."

"అనగా పని చేయుట లేదు."

"నానడమే దాని పనండి."

ఆయన ఓపిగ్గా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పారు. "చూడండి. నానుట అనునది ఏ నిష్పత్తిలోనూ లేదు."

సరే, తొందరగా తీద్దామని మూణ్ణెల్లు నానిన డొక్కల్ని బయటికి లాగించారు. పీచు రాలేదు. వచ్చినది ముళ్ళలా వచ్చింది. పేనబోతే ఆడవాళ్ళ అరచేతులు కోసుకుపోయాయి. అలా పేనిన తాళ్ళు కొన్న పడవవాడొకడు పడవతో సహా తిరిగొచ్చి, గట్టు మీద నిలబడి త్రిమూర్తుల్ని పుట్టించినవాళ్ళ దగ్గర్నుంచి తిట్టిపోశాడు. అమ్మకాలు పెంచే ఉపాయం అక్కడితో ఆగింది.

మార్చి నెల చివరికొచ్చింది. ఒక మధ్యాహ్నం కామేశం అన్నం తింటూ తింటూ ఆగిపోయాడు. చేతిలో ముద్ద అలాగే ఉంది.

"మేనేజరు గారూ. మనం ఇన్నాళ్ళూ పై అంకె పెంచాలని కిందామీదా పడుతున్నాం. అది మన చేతుల్లో లేదు. కింది అంకె తగ్గించడం మన చేతుల్లోనే ఉంది."

"అంటే?"

"సరుకు తక్కువుంటే మొదటి నిష్పత్తి పెరుగుతుంది. ఆస్తులు తక్కువుంటే రెండోది. మనుషులు తక్కువుంటే మూడోది. కొండ ఎక్కక్కర్లేదండీ. కొండనే దించేస్తే సరిపోతుంది."

త్రిమూర్తులు ఎగిరి గంతేసినంత పని చేశాడు. "ఇంకేం, తగ్గించి రాసెయ్యండి. చూడ్డానికి ఎవడూ రాడుగా."

కామేశం చేతిలో ముద్ద కంచంలో పడేశాడు. ముఖం ఎర్రబడింది. "ఉన్నదాన్ని లేదని రాయమంటారా? నాతోనా? ఆ పని ఈ చేత్తో జరగదు. నిజంగా లేకపోతే లేదని రాస్తాను. లేకుండా చేసుకోవడం మీ పని."

మరే సంస్థలోనైనా ఇది ఒక అబద్ధంతో తేలిపోయే వ్యవహారం. కామేశం నిజాయితీపరుడు కావడం వల్ల ఫ్యాక్టరీని నిజంగానే మాయం చేయాల్సి వచ్చింది.

త్రిమూర్తులు భార్య తమ్ముడు సత్తిబాబుకు పాయ అవతలి గట్టున కొబ్బరికాయల గోడౌను ఉంది. ఖాళీ స్థలం ఉంది. త్రిమూర్తులు వెళ్ళి సంగతి చెప్పాడు. మార్చి ముప్ఫైన ఫ్యాక్టరీని కొనుక్కుని, ఏప్రిల్ రెండున తిరిగి అమ్మాలి.

"బావా, నీకేదైనా గాలి సోకిందా?" అన్నాడు సత్తిబాబు.

"సోకలేదురా. హెడ్డాఫీసు సోకింది."

మార్చి ముప్ఫైన పాయ ఒడ్డు తిరునాళ్ళలా ఉంది. పీచు తీసే మిషన్ను బోల్టులూడదీసి పాయ దాటించే పంటు మీద ఎక్కించారు. రాట్నాల్ని పడవల్లో వేశారు. గుంటల్లో డొక్కల్ని ఉన్నవి ఉన్నట్టుగా సత్తిబాబుకు అమ్మేశారు. బల్లలు, కుర్చీలు, త్రాసు కూడా వెళ్ళిపోయాయి. ఆడవాళ్ళకు లెక్క తేల్చి పనిలోంచి తీసేశారు, రెండో తారీఖున మళ్ళీ చేర్చుకుంటామని చెప్పి. వాళ్ళు పులిహోర కట్టుకుని సముద్రం చూడ్డానికి పోయారు. ఖాళీ షెడ్డులో కామేశం గోడకు చేరబడి, ఉన్నది ఉన్నట్టు లెక్క రాసి పంపించాడు. ఏప్రిల్ రెండున అన్నీ వెనక్కొచ్చాయి. ఒక రాట్నం చక్రం తప్ప. అది పాయలో పడింది.

మొగలిలంకకు మూడు పచ్చరంగులు వచ్చాయి. సంస్థ మొత్తంలో ప్రథమస్థానం. అభినందన లేఖ, దాంతోపాటు బహుమతి సొమ్ము. బహుమతిని రాబడి కింద జమ చేసుకోవచ్చని కామేశం చెప్పాడు. పై అంకె కూడా పెరుగుతుందన్నమాట. త్రిమూర్తులు ఆ సాయంత్రం షెడ్డంతా మిఠాయి పంచాడు. అందరికంటే తనే రెండు ఎక్కువ తిన్నాడు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్న మనిషికి ఆ మాత్రం హక్కుంది.

అక్కడితో ఆగితే ఎంత బాగుండేది. విద్యాసాగర్ గారికి ఆ పచ్చరంగు రుచి తగిలింది.

"రోగికి ఏడాదికొకసారి నాడి చూసి ఊరుకుంటామా?" అన్నారు తెర మీద జరిగే సమావేశంలో. "ఇకపై మూడు మాసములకొక పర్యాయం నిష్పత్తులు సేకరించబడును."

మూడు నెలలకొకసారి పంటు కదిలింది. మిషను విప్పేవాళ్ళకు చెయ్యి తిరిగింది. సత్తిబాబు తన ఖర్చుకని ప్రతిసారీ కొంత మిగుల్చుకునేవాడు, బావమరిది కాబట్టి త్రిమూర్తులు చూసీచూడనట్టు ఊరుకునేవాడు. రెండోసారి కూడా పచ్చరంగులే. అప్పుడు నెలకొకసారి అన్నారు. తర్వాత వారం వారం.

వారానికొకసారి ఫ్యాక్టరీని లేకుండా చేయడమంటే మాటలు కాదు. మంగళవారం విప్పాలి, బుధవారం లెక్క, గురువారం తెచ్చుకోవాలి, శుక్రవారం బిగించాలి. శనివారం తాళ్ళు పేనుతారు. ఆదివారం సెలవు. సోమవారం మళ్ళీ విప్పడానికి స్పానర్లు వెతుక్కోవాలి.

"బావగారూ," అన్నాడు సత్తిబాబు. కోపం వస్తే అతను బావను బావగారూ అంటాడు. "ఈ మిషను నా దగ్గరుండేది ఎన్నాళ్ళు, మీ దగ్గరుండేది ఎన్నాళ్ళు, పంటు మీదుండేది ఎన్నాళ్ళు? దానికే తెలీట్లేదు దాని ఇల్లెక్కడో. నా కాయలెట్టుకునే చోట మీ చక్రాలు. నావల్ల కాదండి. ఉంచితే ఉంచండి, పట్టుకుపోతే పట్టుకుపోండి."

ఆ సాయంత్రమే వీరవేణి కూడా వచ్చింది. "ఏంటండీ ఇది, వారానికి ఒక్కరోజు పనా? ఎన్నిసార్లని సముద్రం చూత్తామండి? చూసి చూసి దానికే మేవంటే ఇసుగొచ్చేత్తంది."

"ఇదంతా ఫ్యాక్టరీ కోసమే వీరవేణీ. కొన్నాళ్ళు ఓపిక పట్టండి. పచ్చరంగుంటే మూయరు."

"మూయకపోతే మాకు అంతకన్నా కావల్సిందేవుందండి," అంది ఆమె. నమ్మింది. ఆ నమ్మడమే అతనికి ఎక్కడో గుచ్చుకుంది.

అతను ఆ రాత్రి నిద్రపోలేదని చెప్పను. నిద్ర బాగానే పట్టేది త్రిమూర్తులుకు. పొద్దున్నే లేచాక మాత్రం, ఎవరికో ఒకరికి ఉన్న సంగతి చెప్పెయ్యాలనిపించింది. వారం సమావేశంలో ధైర్యం చేశాడు.

"సార్, తమరొకసారి వచ్చి చూస్తే..."

తెర మీద విద్యాసాగర్ గారి కనుబొమలు లేచాయి. "చూడమంటారా? ఉత్తర్వు మరిచారా?"

"అది కాదండి. ఇక్కడ ఫ్యాక్టరీలో పని జరగట్లేదండి. తాళ్ళు రావట్లేదు. పడవలవాళ్ళు నైలాను తాళ్ళకి పోతున్నారు."

"మీరు చెప్పునది అంకెయా, అభిప్రాయమా?"

"ఉన్న సంగతండి."

"సంగతి," అన్నారాయన. పక్కనున్న అధికారి వైపు తిరిగారు. "సంగతిని ఏ గడిలో నమోదు చేయాలి?"

ఆ అధికారి పట్టికంతా వెతికి, అలాంటి గడి లేదని విన్నవించాడు. ఇతర మేనేజర్లు నవ్వారు. వాళ్ళ ఫ్యాక్టరీలన్నిటికీ పసుపే వచ్చి ఉంది. అందుకని కాస్త గట్టిగానే నవ్వారు.

"త్రిమూర్తులు గారూ, మీరు వినయశీలురు. ప్రథమస్థానంలో ఉన్నవారికి అట్టి వినయం సహజం. మీ కర్మాగారాన్ని ఆదర్శంగా తీసుకుని, రేపటి నుంచి దినసరి నిష్పత్తులు ప్రవేశపెడుతున్నాము. ప్రతి దినము సాయంకాలం లోగా అంకెలు చేరవలెను."

ఇక ఫ్యాక్టరీ ఉండడానికి రోజనేదే మిగల్లేదు.

మిషను అవతలి గట్టునే ఉండిపోయింది. తర్వాత సత్తిబాబు దాన్ని తమిళనాడు వ్యాపారికెవరికో అమ్మేశాడు. బావ ఎదురుపడితే తప్పుకు తిరిగాడు. రాట్నాలు పాత ఇనుము కింద పోయాయి. షెడ్డు రేకులు కోళ్ళఫారంవాడు కొనుక్కున్నాడు. దూలాల్ని వేలం వేశారు. స్థలం ప్రభుత్వం లీజుకిచ్చినది, తిరిగి అప్పగించేశారు. బోర్డుంది, సంస్థ పేరు పచ్చరంగులో రాసినది. దాని విలువ ఎంతని కామేశం రెండు రోజులు తర్జనభర్జన పడి, చివరికి టీ కొట్టువాడికి బల్లగా అమ్మేశాడు. ఆడవాళ్ళను మళ్ళీ చేర్చుకోవడం ఎప్పుడో ఆగిపోయింది. అమ్మిన ప్రతి వస్తువు మీదా వచ్చింది రాబడిలో చేరింది. బహుమతులూ చేరాయి. పై అంకె కొండెక్కి కూర్చుంది.

కింద ఇంకా ఇద్దరు మిగిలారు. త్రిమూర్తులు, కామేశం.

"మనిద్దరం ఉద్యోగులమేనండీ," అన్నాడు కామేశం. వాళ్ళిద్దరూ అప్పుడు టీ కొట్టు దగ్గర, తమ బోర్డు మీదే కూర్చుని ఉన్నారు. "నా మనస్సాక్షి ప్రకారం రెండు అని రాయాలి."

పైకి రాస్తే పరిష్కారం వెంటనే వచ్చింది. ఇద్దర్నీ హెడ్డాఫీసు పద్దులోకి మార్చి, మొగలిలంకకు డెప్యుటేషను మీద పంపినట్టు ఉత్తర్వులిచ్చారు. ఆ సాయంత్రం కామేశం మూడు నిష్పత్తులకూ కింద సున్నా రాశాడు. నిజమైన సున్నా. గీత దిద్దినట్టు గుండ్రంగా వచ్చిందని చాలాసేపు చూసుకున్నాడు.

హెడ్డాఫీసులో కల్లోలం. కంప్యూటరు భాగించనంది. ఎరుపూ చూపలేదు, పచ్చా చూపలేదు. విద్యాసాగర్ గారు విశ్వవిద్యాలయం నుంచి గణితశాస్త్ర ఆచార్యుణ్ణి పిలిపించారు. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, సున్నాతో భాగహారం నిర్వచించబడదు అని చెప్పి, దారిఖర్చులు తీసుకుని వెళ్ళిపోయాడు.

"నిర్వచించబడదు," అని విద్యాసాగర్ గారు ఆ మాటను మళ్ళీ మళ్ళీ అనుకున్నారు. కళ్ళు చెమర్చాయి. మర్నాటి పత్రికా ప్రకటనలో, గణితశాస్త్ర నిర్వచనములకే అందని పనితీరును కనబరచిన దేశములోని మొట్టమొదటి కర్మాగారము మొగలిలంక అని వేశారు.

నగరంలో పెద్ద హాల్లో సన్మానం జరిగింది. శాలువా కప్పారు. ఇత్తడి జ్ఞాపిక ఇచ్చారు. మిగతా ఫ్యాక్టరీలన్నీ సంవత్సరం తిరిగేలోగా మొగలిలంక స్థాయిని అందుకోవాలని విద్యాసాగర్ గారు పిలుపునిచ్చారు. వేదిక మెట్ల దగ్గర పరిచిన తివాచీ జారి ఒక అతిథి బోర్లాపడ్డాడు. ఆ చోట పీచు పట్టా ఒకటి వేయించండయ్యా, మన సంస్థదే అన్నారెవరో. సంస్థలో ఎక్కడా పట్టా లేదని తేలింది. అప్పటికే చాలా ఫ్యాక్టరీలు ఆదర్శమార్గంలో బాగా ముందుకుపోయాయి.

తిరుగు బస్సులో కామేశం జ్ఞాపిక వైపు అదేపనిగా చూస్తున్నాడు. "మేనేజరు గారూ, ఇది ఫ్యాక్టరీ పేరు మీద ఇచ్చారు. ఫ్యాక్టరీ ఆస్తి అవుతుంది. సాయంత్రం కింది అంకెలో వెయ్యాల్సి వస్తుంది."

రావులపాలెంలో బస్సు దిగేటప్పుడు దాన్ని సీటు కింద వదిలేశారు. కండక్టరు కేకేసి చేతికిచ్చాడు. వేరే బస్సులో మళ్ళీ వదిలేశారు.

త్రిమూర్తులు జేబులో మాత్రం ఇంకొకటి ఉంది. దాన్ని దారిపొడుగునా తడుముకుంటూనే వచ్చాడు. సన్మానం అయ్యాక విద్యాసాగర్ గారు స్వయంగా ఇచ్చిన ఉత్తర్వు. దానికోసమే కదా ఏడాదిన్నరగా ఇంత పాటుపడింది. అతనికి నిజంగానే సంతోషంగా ఉంది. బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా నేరుగా ఆడవాళ్ళుండే వీధికి వెళ్ళాడు. కామేశం వెనకే వచ్చాడు. వీరవేణి ఇంటి అరుగు మీద నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. మేనేజరుగోరొచ్చారని కేకెయ్యగానే మిగతావాళ్ళూ వచ్చారు.

"వినండి," అని త్రిమూర్తులు కాగితం విప్పి గట్టిగా చదివాడు. "మొగలిలంక కర్మాగారమును మూసివేయు ప్రతిపాదన శాశ్వతముగా ఉపసంహరించడమైనది. సదరు కర్మాగారము ప్రస్తుత నిష్పత్తులను నిలుపుకొనినంత కాలము ఎట్టి పరిస్థితులలోనూ మూయబడదు."

"అంటే ఏంటండీ?" అంది ఒక ముసలామె.

"ఫ్యాక్టరీ మూయరు. ఎప్పటికీ మూయరు."

ఒక్కసారిగా వీధంతా సందడైపోయింది. ఒకామె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. వీరవేణి చేతులెత్తి దణ్ణం పెట్టింది. త్రిమూర్తులు అందరి ముఖాలూ కలయజూశాడు. ఇంత మంది ఇలా నవ్వగా చూసి ఎన్నాళ్ళయింది.

"అయితే రేపు ఎన్నింటికి రమ్మంటారండి?" అంది వీరవేణి.

ఎనిమిదింటికి అనబోయాడు త్రిమూర్తులు. ఎప్పుడూ అనే మాటే కాబట్టి నోటిదాకా వచ్చేసింది. వచ్చినది అక్కడే ఆగిపోయింది. ఎక్కడికి రమ్మంటాడు? వీధి చివర పాయ కనిపిస్తోంది. దాని ఒడ్డున షెడ్డున్న చోట గడ్డి మొలిచి మేకలు మేస్తున్నాయి. అతను రోజూ చూస్తున్నదే. ఇవాళ మాత్రం సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

అతని బదులు కామేశం పూనుకున్నాడు. ఆయనకు ఎవరైనా అడిగిన ప్రశ్నకు సరైన జవాబు చెప్పకపోతే తోచదు.

"రావడానికి వీల్లేదమ్మా. మీరొస్తే కింద మళ్ళీ అంకె పడుతుంది. అంకె పడితే నిష్పత్తి పడిపోతుంది. నిష్పత్తి పడిపోతే ఫ్యాక్టరీ మూసేస్తారు."

అందరూ త్రిమూర్తులు వైపు చూశారు. "అంతేనా అండి?" అంది వీరవేణి.

"అంతే," అన్నాడు. ఆ మాట తనకే సరిగ్గా వినపడలేదు.

ఆమె తిడుతుందేమోనని ఎదురుచూశాడతను. తిడితే బాగుండుననుకున్నాడు.

"పోన్లెండి," అంది వీరవేణి. "మూయనివ్వనన్నారు, మూయనివ్వలేదు. ఈ రోజుల్లో అన్న మాట మీద నిలబడేవోళ్ళు ఎందరున్నారండి." ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఆడవాళ్ళ వైపు తిరిగింది. "పదండే, బండొచ్చే ఏళయ్యింది. ఫేక్టరీని సల్లగా ఉండనిద్దాం."

వాళ్ళు లోపలికి పోయి క్యారేజీలు తెచ్చుకున్నారు. రోడ్డు మీద రొయ్యల షెడ్డు వ్యాను హారను కొట్టింది. చేతులకు వేసుకునే రబ్బరు తొడుగులు సంచుల్లో కుక్కుకుంటూ, ఒకర్నొకరు పిలుచుకుంటూ ఎక్కారు. వీరవేణి వెనక సీటులో సర్దుకుని, కిటికీలోంచి అతనికి చెయ్యూపింది. త్రిమూర్తులు చేతిలో కాగితం అలాగే ఉంది. వ్యాను మలుపు తిరిగేదాకా అతను తిరిగి చెయ్యూపలేకపోయాడు.